పాత కారు తలుపు – లోపలి పని



మన పల్లెలలో చాలా చోట్ల వేపచెట్టు క్రిందనో, పాత గడ్డివామి ప్రక్కనో, టార్పాలిన్ కప్పుకొని ఒక అంబాసిడర్ కారు నిలిచి ఉంటుంది. కోళ్ళు దాని క్రింద పొదుగుతూ ఉంటాయి. పిల్లలు స్టీరింగు పట్టుకొని కదలకుండానే ఊళ్ళు తిరిగి వస్తూ ఉంటారు. దారిని పోయేవారు చూచి, "ఇంకా దీనిని ఎందుకు ఉంచారు? పాత ఇనుము క్రింద వేసేయండి" అంటారు. అయితే ఇంటివారికి మనసు ఒప్పదు. ఆ బండి వారికి అన్నము పెట్టినది.

ఇట్టి బండిని బాగు చేయవలెనని తలచేవారు సాధారణముగా రెండు విషయములు ఆలోచిస్తారు. ఒకటి ఇంజను, రెండవది పైరంగు. తలుపు లోపలి అట్టను గూర్చి ఎవరూ ఆలోచించరు. మెకానిక్కులు దీనిని డోర్ ప్యాడ్ అంటారు. చివరిలో సీటు కవర్లతో పాటు అదీ వేయిస్తే సరిపోతుందని అనుకొంటారు. నిజానికి ఆ అట్ట వెనుక ఏమున్నదో చూడకుండా బండి ఎంతకాలము నిలుస్తుందో చెప్పలేము. గనుక ఈ మాసము ఆ పనిని గూర్చి, మేము చేసి చూచినంత మట్టుకు, వివరముగా వ్రాస్తున్నాము.

బండి చరిత్ర కొంత

అంబాసిడర్ మన దేశములోనే పుట్టినదని చాలామంది అనుకొంటారు. మూలము ఇంగ్లండుది. అక్కడి మోరిస్ కంపెనీ వారి ఆక్స్‌ఫర్డ్ మూడవ సీరీస్ కారు నమూనాను తీసుకొని, హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారములో 1957 నుండి దీనిని తయారు చేశారు. తరువాత మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అని పేర్లు మారాయి. ముందరి జాలీ మారింది, ఇంజను మారింది, గుండ్రని ఆ ఆకారము మాత్రము పెద్దగా మారలేదు. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొన్నది. కాబట్టి ఇప్పుడు కంపెనీ నుండి క్రొత్త అట్టలు వస్తాయని ఎదురు చూచుట వృథా. ఉన్నదానిని బాగు చేసికొనవలెను, లేదా చేతితో తయారు చేసికొనవలెను.

ఒక కుటుంబము, నాలుగు తలుపులు

పశ్చిమ గోదావరి జిల్లాలో మేము ఎరిగిన ఒక కుటుంబమున్నది. తండ్రి ముప్పది సంవత్సరములు టాక్సీ నడిపిన మనిషి. బండి 1984 మోడల్, మార్క్ 4. చూపు మందగించిన తరువాత ఆయన స్టీరింగు వదిలిపెట్టాడు, బండిని మాత్రము అమ్మలేదు. కుమారునికి అప్పులున్నాయి. ఇప్పుడు పెండ్లి ఫోటోల కొరకు పాత కార్లను అద్దెకు అడుగుచున్నారు గనుక, లోపల కాస్త శుభ్రముగా కనబడితే బండి మరల నాలుగు రూపాయలు తెస్తుందని అతని ఆశ. లేదా ఇనుము కొట్టువారికి ఇచ్చివేయవలెనని అతని ఆలోచన. వారు శనివారము లారీతో వస్తామని చెప్పి ఉంచారు.

పట్నములో ఒక సీటు కవర్ల షాపులో అడిగితే, "పాత అట్ట తీయనక్కరలేదు, దాని మీదనే క్రొత్త రెక్సిన్ అట్ట బిగిస్తాము, సాయంత్రానికి నాలుగు తలుపులూ అయిపోతాయి" అన్నారట. కుమారునికి ఆ మాట నచ్చింది. తండ్రి ఒప్పుకొనలేదు. "లోపల చూడకుండా మూత వేయకురా" అన్నాడు. తండ్రీ కొడుకులు రెండు రోజులు మాటలు మానివేశారు. ఆ మీదట మమ్మును పిలిచారు.

మేమును, ఊరి వడ్రంగి మేస్త్రియు వెళ్ళి కూర్చున్నాము. చివరకు ఒక ఒప్పందము కుదిరింది. నాలుగు తలుపులూ విప్పి చూడవలెను. మూడు తలుపుల అడుగు రేకు తినివేయబడి ఉంటే బండి ఇనుముకు పోతుంది, తండ్రి అడ్డు చెప్పడు. అంతకంటె తక్కువైతే బండి ఉంటుంది, కుమారుడు తొందరపడడు.

నీరు ఎట్లు లోపలికి పోవును?

కారు తలుపు ఒక డబ్బా వంటిది. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, మధ్య ఖాళీ. ఆ ఖాళీలో అద్దము దిగుతుంది. అద్దమును ఎత్తి దించే గ్లాసు మిషను, తాళపు యంత్రము అందులోనే ఉంటాయి. వాన పడినప్పుడు నీరు అద్దము మీదుగా జారి, రబ్బరు బీడింగు సందులో నుండి కొంత ఆ డబ్బాలోనికి దిగుతుంది. ఇది లోపము కాదు. కారు చేసినవారు నీరు దిగుతుందని తెలిసే, తలుపు అడుగు అంచున చిన్న రంధ్రములు పెట్టారు. దిగిన నీరు వాటి గుండా బయటికి పోవలెను.

కొన్నేండ్లకు దుమ్ము, ఆకులు, గడ్డిపరకలు చేరి ఆ రంధ్రములు మూసుకొనిపోతాయి. నీరు నిలుస్తుంది, రేకు లోపలి నుండి తుప్పు పడుతుంది. బయట రంగు క్రింద చిన్న బుడగలు కనబడే నాటికి లోపల రేకు సగము పోయి ఉంటుంది.

అట్ట సంగతి వేరు. పాత కార్ల తలుపు అట్టలు చాలా మట్టుకు హార్డుబోర్డుతో చేసినవి. చెక్క పీచును ఆవిరితో విడదీసి, వేడిలో గట్టిగా నొక్కి ఈ బోర్డు తయారు చేస్తారు. 1920ల దశకములో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమందు లారెల్ అను పట్టణములో విలియం మేసన్ అను ఆయన ఈ పద్ధతిని కనుగొన్నాడు. పొడిగా ఉన్నంతకాలము ఇది గట్టిది, చౌక, నునుపైనది. తడి తగిలితే పీచు ఉబ్బుతుంది, అట్ట వంకర తిరుగుతుంది, క్లిప్పులు పట్టుకొనే చోట చినిగిపోతుంది. అందుచేత అట్ట ఎప్పుడూ అడుగు వైపు నుండే చెడిపోతుంది.

విప్పక ముందే కొంత తెలిసికొనవచ్చును. అట్ట అడుగు అంచును బొటనవ్రేలితో నొక్కండి, మెత్తగా లోనికి పోతే తడి ఉన్నట్లే. తలుపును మెల్లగా ఊపి చెవి పెట్టండి. నీరు కదిలిన చప్పుడు వస్తే రంధ్రములు మూసుకొన్నవని అర్థము.

విప్పుట

తొందర పనికిరాదు. మొదట బ్యాటరీ వైరు తీయండి. అద్దము పూర్తిగా పైకి ఎత్తి, హ్యాండిల్ ఏ వైపు తిరిగి ఉన్నదో సెల్ ఫోనుతో ఒక ఫోటో తీసికొనండి. తిరిగి బిగించునప్పుడు ఇది చాలా పనికివస్తుంది.

అద్దము ఎత్తే హ్యాండిల్, తలుపు తెరిచే హ్యాండిల్ పాత బండ్లలో సాధారణముగా మూడు విధములలో ఒక విధముగా బిగించి ఉంటాయి. మొదటిది, నడుమ ఒక స్క్రూ. దానిమీద చిన్న మూత ఉండవచ్చును. రెండవది, అడ్డముగా ఒక సన్నని పిన్ను. హ్యాండిల్ వెనుక నున్న గుండ్రని బిళ్ళను తలుపు వైపు నొక్కితే పిన్ను కనబడుతుంది, సన్నని మేకుతో దానిని నెట్టివేయవలెను. మూడవది, గుఱ్ఱపు లాడము వంటి స్ప్రింగు క్లిప్పు. పాత గుడ్డ పీలికను హ్యాండిల్ వెనుకకు దూర్చి, రెండు కొనలు పట్టుకొని అటూ ఇటూ లాగితే క్లిప్పు ఊడి వస్తుంది. అది ఎగిరి కంట పడవచ్చును గనుక మరొక చేయి అడ్డము పెట్టండి. ఏ విధముగా బిగించారో తెలియక ముందు సుత్తి ఎత్తవద్దు.

తరువాత తాళపు గుండీ, చేతిపట్టీ స్క్రూలు తీయవలెను. ఇక మిగిలినవి అట్ట చుట్టు నున్న స్ప్రింగు క్లిప్పులు. వెడల్పు మూతి స్క్రూ డ్రైవరుకు గుడ్డ చుట్టి, అడుగు మూల నుండి ప్రారంభించి, సరిగ్గా క్లిప్పు ప్రక్కనే పెట్టి మెల్లగా లేపవలెను. రెండు క్లిప్పుల మధ్య పెట్టి లాగితే పాత అట్ట విరుగుతుంది. కొన్ని బండ్లలో అట్ట పై అంచు గాడిలో కూర్చుని ఉంటుంది, దానిని పైకి ఎత్తి తీయవలెను. ఒక్కొక్క తలుపు సామాను ఒక్కొక్క డబ్బాలో వేసి, ఏ తలుపుదో పేరు వ్రాసి ఉంచండి.

మేము విప్పిన మొదటి తలుపులో ఒక సంగతి కనబడింది. ఎప్పుడో ఎవరో చేతిపట్టీ ఊడిపోతే పొడవాటి స్క్రూలు ఎక్కించారు. వాటి మొనలు లోపల అద్దమునకు తగిలి, అద్దము మీద పొడవునా రెండు గీతలు పడినవి. స్క్రూ పొడవు ఎంత ముఖ్యమో ఆ గీతలు చూచి అందరికీ తెలిసింది.

తలుపులలో దొరికినవి

అద్దపు సందులో నుండి చిన్న వస్తువులు జారి తలుపు అడుగున చేరుతూ ఉంటాయి. ఆ నాలుగు తలుపులలో బుఱద, ఎండుటాకులు కాక, మూడు పావలా కాసులు, ఒక జడపిన్ను, వెనుక ఎడమ తలుపులో పగిలిన ఆకుపచ్చ గాజు ముక్కలు దొరికినవి. పావలా కాసుల చెలామణి 2011 జూన్‌తో నిలిచిపోయినది గనుక అవి అంతకు ముందువని తెలుస్తున్నది. గాజు ముక్కలను పెద్దాయన అరచేతిలో వేసికొని చాలాసేపు తడిమి చూచాడు.

"ఇవి ఎవరివో చెప్పలేను అయ్యగారూ. నొప్పులు పడుతున్న ఆడపిల్లలను రాత్రిపూట ఆసుపత్రికి ఎక్కించుకొని పోయేవాడిని. అందరూ ఈ తలుపు పట్టీనే పట్టుకొనేవారు. గతుకు వచ్చినప్పుడల్లా గట్టిగా పట్టుకొనేవారు" అన్నాడు.

కొంతసేపటికి కుమారుని వైపు తిరిగి, "నాయనా, అట్ట ఏ రంగుది వేసినా నాకు పట్టింపు లేదు. పట్టీని మాత్రము ఇనుముకు బిగించు. అట్టకు బిగించకు" అన్నాడు. కుమారుడు ఏమీ అనలేదు. ఆ తలుపు ముందు చాలాసేపు కూర్చుని, స్క్రూ రంధ్రములలోని తుప్పును తానే గీకి శుభ్రము చేశాడు.

తుప్పు పరీక్ష

లోపలి చెత్త అంతా బ్రష్షుతో తీసివేసి, అడుగు రంధ్రములలో సన్నని తీగ పెట్టి తెరవండి. తరువాత స్క్రూ డ్రైవరు మొనతో అడుగు రేకును అంగుళము అంగుళమునకు తట్టి చూడవలెను. గట్టి రేకు ఖణేల్‌మంటుంది. చెడిన రేకు మెత్తగా పలుకుతుంది, మొన లోనికి దిగిపోతుంది.

ఆ బండిలో డ్రైవరు తలుపు అడుగున నాలుగు అంగుళముల మేర రేకు చేతికి ఊడి వచ్చింది. వెనుక ఎడమ తలుపులో సూదిమొనలంత రంధ్రములు పడినవి. మిగిలిన రెండు తలుపులు పైపై తుప్పే గాని గట్టిగా ఉన్నవి. నాలుగింటిలో రెండే చెడినవి. ఒప్పందము ప్రకారము బండి ఉండిపోయింది. శనివారము లారీ రానక్కరలేదని కుమారుడే ఫోను చేసి చెప్పాడు.

చెడిన చోట రేకు కోసి, టింకరింగ్ షాపులో క్రొత్త రేకు వెల్డింగు చేయించవలెను. పుట్టీతో పూడ్చుట మోసము. అది ఒక వానాకాలము దాటదు. వెల్డింగునకు ముందు అద్దము, రబ్బరు, గుడ్డ సామాను తీసివేసి, ఇసుక బకెట్టు దగ్గర పెట్టుకొనవలెను. గట్టిగా ఉన్న చోట వైరు బ్రష్షుతోను, ఎమరీ పేపరుతోను తుప్పు రుద్ది, దుమ్ము తుడిచి, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేయండి. ఆరిన తరువాత అడుగు అతుకులలో తుప్పు ఆపే మైనపు స్ప్రే కొట్టవచ్చును. అయితే నీరు పోయే రంధ్రములు మరల మూసుకొనకుండ చూచుకొనండి. కొందరు పాత ఇంజను ఆయిలు పోస్తారు. అది రబ్బరును ఉబ్బించి చెడగొడుతుంది, వద్దు.

తలుపు తెరిచి ఉన్నప్పుడే గ్లాసు మిషను పళ్ళకు గ్రీజు, తాళమునకు పలుచని నూనె వేయండి. అద్దమును పది మారులు ఎత్తి దించండి. లోపలి హ్యాండిల్‌తో తలుపు పది మారులు తెరిచి చూడండి. ఒక్కసారి తెరుచుకొనకపోయినా కారణము కనుగొనిన తరువాతనే ముందుకు పోవలెను. ఆపదలో మనిషి బయటికి వచ్చే దారి అదే గదా!

ఆ తరువాత నీటి పరీక్ష. అద్దము ఎత్తి, బయటి నుండి ఒక బిందెడు నీరు నెమ్మదిగా దాని మీద పోయండి. నీరు లోపల ఎక్కడ జారుచున్నదో, ఎక్కడ బయటికి పోవుచున్నదో కంటితో చూడవచ్చును. అట్ట బిగించిన తరువాత ఈ అవకాశము ఉండదు.

మధ్య తెర

చాలా పాత బండ్లలో అట్టకు, రేకుకు మధ్య తారు పూసిన కాగితము అంటించేవారు. ఇప్పుడు దాని బదులు దళసరి పాలిథిన్ షీటు, 200 మైక్రానులది, సరిపోతుంది. లోపలి రేకులోని పెద్ద రంధ్రములన్నీ మూసుకొనునట్లు కోసి, మెత్తని బ్యూటిల్ టేపుతో అంటించండి. గట్టి జిగురు వాడితే మరొకసారి తాళము రిపేరుకు తెర తీయవలసి వచ్చినప్పుడు చినిగిపోతుంది.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి: తెర అడుగు అంచు అట్ట వైపు వ్రేలాడకూడదు. దానిని రేకు అడుగు సందులో నుండి తలుపు లోపలికి దోపవలెను. అప్పుడు తెర మీద పడిన చుక్క మరల డబ్బాలోనికే జారి రంధ్రము గుండా పోతుంది. ఈ తెర లేకపోతే ఎంత ఖరీదైన అట్ట అయినను కొద్ది వానాకాలములకే ఉబ్బుతుంది.

క్రొత్త అట్ట

హార్డుబోర్డు 3 మిల్లీమీటర్లది తీసికొనవచ్చును. ఖర్చు పెట్టగలిగితే అదే మందమున్న నీటికి ఆగే ప్లైవుడ్ మంచిది. మందము ఎక్కువైతే గట్టిగా ఉంటుందని అనుకొనవద్దు. క్లిప్పులు రేకులోనికి అందవు, హ్యాండిల్ కూర్చునే చోటు చాలదు.

పాత అట్ట నిలువునా ఉంటే దానినే బోర్డు మీద పెట్టి గీత గీయండి. అడుగు భాగము కుళ్ళి పోయి ఉంటే, తలుపు రేకు మీద పాత వార్తాపత్రిక అంటించి, బొగ్గుతో పైపైన రుద్దండి. రంధ్రములు, అంచులు కాగితము మీదికి దిగుతాయి. చుట్టూ 2 మిల్లీమీటర్లు తక్కువగా కోయండి, రెక్సిన్ మడతకు ఆ చోటు కావలెను.

కుడి, ఎడమ తలుపులు ఒకదానికొకటి అద్దములో ప్రతిబింబము వంటివి. హార్డుబోర్డుకు ఒక వైపే నునుపు. మా వడ్రంగి మేస్త్రి చూపిన ఉపాయము ఇది: రెండు బోర్డులను నునుపు వైపులు ఎదురెదురుగా కలిపి బిగించి, ఒకేసారి రెండింటినీ కోసి, రంధ్రములు పెట్టినాడు. విడదీయగానే ఒకటి కుడిది, ఒకటి ఎడమది, రెండింటికీ నునుపు బయటికే. బోర్డు వృథా కాలేదు.

రెక్సిన్ అంటించక ముందు ఉత్త బోర్డును తలుపుకు పెట్టి చూడండి. ప్రతి రంధ్రము ఎదురుగా ఉన్నదా, తలుపు మూసుకొన్నప్పుడు అంచు ఎక్కడైనా రాచుకొంటున్నదా చూచుకొనండి. సరిపోతే రెండు ప్రక్కలకు, అంచులకు, రంధ్రముల లోపలికి కూడ వార్నిషు రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరనివ్వండి. నీరు పీల్చేది ముఖ్యముగా అంచులే. ఆరిన మీదట ముందు వైపు ఎమరీతో లేతగా రుద్దితే జిగురు బాగుగా పట్టుతుంది.

రెక్సిన్ పని

రెక్సిన్ అనునది మొదట ఒక కంపెనీ పేరు. ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గరి హైడ్ పట్టణములో ఆ కంపెనీ వారు గుడ్డకు పూత పూసి తోలువలె కనబడే సరుకు చేసేవారు. ఇప్పుడు మన బజారులో దొరికేది గుడ్డ మీద పి.వి.సి. పూత పూసినది. పేరు మాత్రము నిలిచిపోయింది. సాధారణముగా దీని వెడల్పు 54 అంగుళములు. ఒక్కొక్క అట్ట 36 అంగుళముల పొడవు, 24 అంగుళముల ఎత్తు అనుకొందాము. చుట్టూ మడతకు ఒక అంగుళము కలిపితే, వెడల్పులో రెండు ముక్కలు ప్రక్క ప్రక్కనే వస్తాయి. ఆ లెక్కన నాలుగు తలుపులకు రెండున్నర మీటర్లు సరిపోతుంది. కొనక ముందు మీ బండి కొలతలు చూచుకొనండి.

నిలువు కుట్లు కావలెనంటే ముందుగా కుట్టించి, తరువాత కొలిచి కోయవలెను. కుట్టులో రెక్సిన్ కొంత తగ్గిపోతుంది. బోర్డు ముందు వైపు 5 మిల్లీమీటర్ల స్పాంజి అంటించి, అంచుకు సమానముగా కోయండి. రెక్సిన్‌ను పావుగంట ఎండలో ఉంచితే మెత్తబడి చెప్పినట్లు వింటుంది.

జిగురు రబ్బరు జాతిది వాడవలెను. బోర్డు వెనుక అంచుకు, రెక్సిన్ మడతకు రెండింటికీ పలుచగా పూసి, వ్రేలికి అంటకుండ అయ్యేవరకు ఆగవలెను. డబ్బా మీద వ్రాసిన సమయము పాటించండి. ఒక్కసారి అంటితే కదలదు గనుక ప్రతి ప్రక్కను నడుమ నుండి మొదలు పెట్టి మూలలకు పోవలెను. మూలలలో రెక్సిన్‌ను త్రికోణముగా కత్తిరిస్తే మడత ఎత్తుగా రాదు. స్టేపులర్ పిన్నులు వేయదలచితే, పిన్ను బోర్డు మందము దాటకూడదు. దాటితే ముందు వైపు మొన వచ్చి చేతులు గీరుతుంది.

ఒక హెచ్చరిక. ఈ జిగురు ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకొంటుంది, పీల్చితే తల తిరుగుతుంది. వంటయింట్లో గాని, తలుపులు మూసిన గదిలో గాని చేయవద్దు. అరుగు మీద గాలిలో చేయండి. బీడీ, దీపము, పొయ్యి, చిన్నపిల్లలు దూరముగా ఉండవలెను.

బిగించుట

పాత క్లిప్పులు తిరిగి వాడుట పొదుపు కాదు. తుప్పు పట్టిన స్ప్రింగు పట్టు తప్పుతుంది. ప్రతి రంధ్రము మీద రెక్సిన్‌కు చిన్న శిలువ గాటు పెట్టి, పై అంచును ముందు కూర్చోబెట్టండి. తరువాత ప్రతి క్లిప్పు మొన దాని రంధ్రము ఎదుట ఉన్నదని వ్రేళ్ళతో తడిమి తెలిసికొని, అప్పుడు అరచేతితో ఒక దెబ్బ కొట్టండి. టక్కుమని కూర్చోవలెను. కూర్చోకపోతే బలవంతము చేయక మరల చూడండి.

చేతిపట్టీ స్క్రూలు అట్టను దాటి లోపలి రేకులోని మరలకు పట్టవలెను. అద్దము పూర్తిగా దించి, ఎత్తి, స్క్రూ మొన తగులుట లేదని చూచిన తరువాతనే చివరి బిగింపు. ఆ ఇంటి పెద్దాయన ప్రతి పట్టీని రెండు చేతులతో పట్టుకొని వెనుకకు వ్రేలాడి చూచాడు. నాలుగూ కదలలేదు. ఇదంతా పూర్తి చేయుటకు మాకు మూడు వారములు పట్టింది. షాపువారు ఒక్క సాయంత్రములో చేస్తామన్నది ఈ పనిని కాదు.

పాతదా, క్రొత్తదా?

పాత అట్ట పూర్తిగా చెడనట్లయితే దానినే నిలుపుట మేలు. రెక్సిన్ ఊడిన చోట అంటించి, అడుగు భాగము మాత్రము క్రొత్త బోర్డు అతికించవచ్చును. మార్చక తప్పకపోతే పాతదానిని పారవేయవద్దు. అసలు రంగు, కుట్టు వరుస, రంధ్రముల కొలత దానిమీదనే ఉన్నాయి. అటక మీద పడుకోబెట్టి ఉంచండి.

చట్టము సంగతి కూడ తెలిసికొనుట మంచిది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరములకు ముగుస్తుంది. తరువాత తనిఖీ చేయించి అయిదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను. 2021లో కేంద్ర ప్రభుత్వము పాతకాలపు బండ్లకు వేరుగా నియమములు చేసింది. 50 సంవత్సరములు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేకుండ అసలు రూపములో ఉన్న బండ్లకు ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. అయితే అట్టి నంబరు తీసికొన్న బండిని ప్రదర్శనలు, ర్యాలీల వంటి వాటికే నడపవలెను, కిరాయికి త్రిప్పకూడదు. 1984 బండికి ఆ వయస్సు 2034లో వస్తుంది. అద్దెకు ఇవ్వదలచినవారు తమ బండి ఏ తరగతిలో ఉన్నదో, దానికి ఏ అనుమతి కావలెనో రవాణా కార్యాలయములో ముందే అడిగి తెలిసికొనవలెను. ఆ కుమారుడు ఆ పని మీద రెండు మారులు ఆఫీసుకు వెళ్ళి వచ్చాడు.

చివరి మాట

క్రొత్త అట్ట బిగించక ముందు దాని వెనుక వైపున పెన్సిలుతో ఆ రోజు తేదీని, ఏ జిగురు వాడారో, ఏ తలుపులో ఎక్కడ వెల్డింగు చేయించారో వ్రాసి పెట్టండి. మరొక ఇరువది ఏండ్లకు ఎవరైనా విప్పినప్పుడు వారికి అది దారి చూపుతుంది. ఆ ఇంట తండ్రి చెప్పుచుండగా కుమారుడు నాలుగు అట్టల మీదను వ్రాశాడు.

ప్రతి సంవత్సరము తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనుదిరిగిన తరువాత ఒకసారి, సన్నని తీగతో తలుపు అడుగు రంధ్రములు తెరవండి. ఒక్కొక్క తలుపుకు రెండు నిమిషములు పట్టదు, పైసా ఖర్చు లేదు. ఈ పనిని ఇంటిలోని పిల్లలకు అప్పగించండి. వారి చేతులు చిన్నవి గనుక సులువుగా చేయగలరు. తలుపు లోపల ఏమున్నదో కూడ వారికి తెలుస్తుంది.